విల్ఫ్ ప్యాంటుకి అయిదు మార్కులు

ఐడా థ్రెల్‌ఫాల్ ఆకెన్‌షా అనే ఊళ్ళో ముప్పై నాలుగేళ్ళు బడిపిల్లలకి మధ్యాహ్న భోజనం వడ్డించింది. అంచేత ఆ ఊళ్ళో యాభై ఏళ్ళ లోపు వాళ్ళలో ఆవిడంటే భయపడనివాడు లేడు. మేయరు కానివ్వండి, బ్యాంకు మేనేజరు కానివ్వండి, ఎదురుపడితే చేతులు వెనక్కి పెట్టుకుని నిలబడాల్సిందే. "నువ్వు క్యాబేజీ బల్లకింద పారేసేవాడివి కదూ?" అని ఆవిడ ఒక్కమాట అడిగిందంటే ఎంత ఖరీదైన సూటైనా నిక్కరైపోతుంది.

ఆవిడకి డెబ్బై తొమ్మిది. పెళ్ళి చేసుకోలేదు. ఎందుకని ఎవరైనా అడిగితే, "అడిగినవాళ్ళు నచ్చలేదు, నచ్చినవాళ్ళు అడగలేదు, ఆపైన నాకు వంటింట్లో పనుంది" అనేది. మిల్ లేన్‌లో ఆనుకుని ఉన్న ఇళ్ళ వరసలో, ఒక ఇంట్లో అన్న విల్ఫ్‌తో కలిసి ఉండేది. విల్ఫ్‌కి ఎనభై నాలుగు. ముప్పై ఎనిమిదేళ్ళు 22వ నంబరు బస్సు నడిపాడు. నాలుగేళ్ళ కిందట పక్షవాతం వచ్చి కుడి చెయ్యీ కుడి కాలూ పడిపోయాయి. మాటలూ పోయాయి. తిట్లు మాత్రం చెక్కుచెదరలేదు. మాటల్ని ఊడ్చుకుపోయిన రోగం తిట్లని ఎందుకు ముట్టుకోదో పెద్ద డాక్టర్లు కూడా చెప్పలేరు.

అలాంటి మనిషికి రోజూ పొద్దున్నే గడ్డం గీసి, బట్టలు తొడగడానికి కౌన్సిల్ వాళ్ళు, అంటే ఊరి మునిసిపాలిటీ వాళ్ళు, మనిషిని పంపిస్తారు. మొదట వచ్చినామెకి జావ గిన్నె మొహాన పడింది. రెండో ఆమెకి కళ్ళద్దాలు పోయాయి. మూడో ఆమె వీధి మెట్టు మీద కూచుని ఏడిచి, అట్నుంచి అటే పోయింది. నాలుగోది డెల్లా. యాభై ఒక్క ఏళ్ళ మనిషి, మోకాళ్ళ నొప్పులు, లాకులూడిన కారు. పదకొండుమంది ఆడవాళ్ళు కలిసి పెట్టుకున్న చిన్న సహకార సంఘంలో పనిచేసేది. కౌన్సిల్ ఆ సంఘానికి డబ్బిచ్చి ఈ పని చేయించేది. ఆ మహాతల్లి ఏం చేసిందంటే, విల్ఫ్ పక్కన నిలబడి కండక్టరు గొంతుతో కేక పెట్టింది.

"మార్కెట్ కూడలీ! దిగేవాళ్ళు దిగండి!"

విల్ఫ్ ఎడమ చెయ్యి లేపాడు. చొక్కా చెయ్యి ఎక్కింది.

"కాలవ వంతెనా!"

కుడి చెయ్యి డెల్లాయే లేపింది, విల్ఫ్ తిట్టలేదు.

"గ్యాసు ఫ్యాక్టరీ! ఒకటో కాలు ఎక్కండి, తోసుకోకండి!"

అలా రోజూ ఏడున్నరకి 22వ నంబరు బస్సు మంచం మీంచి బయల్దేరి, ఏడూ యాభైకల్లా చొక్కా ప్యాంటుతో సహా కుర్చీలోకి చేరేది. ఒక్కో రోజు గ్యాసు ఫ్యాక్టరీ దగ్గర ఆలస్యం. మంచు కురిసినప్పుడు బస్సులు ఆలస్యం కావూ? అదీ అంతే.

ఇక్కడివరకూ బాగానే ఉంది. తగువంతా సాక్సుతో వచ్చింది.

విల్ఫ్ కుడి కాలికి మానని పుండొకటి ఉంది. పుండు ఆస్పత్రి వాళ్ళ శాఖ. పుండు మీద సాక్సు కౌన్సిల్ వాళ్ళ శాఖ. పొద్దున డెల్లా సాక్సు తొడిగేది. పదకొండింటికి ఆస్పత్రి నర్సు వచ్చి, సాక్సు లాగి, కట్టు మార్చి, సంచీ సర్దుకునేది.

"సాక్సు తొడగమ్మా" అనేది ఐడా.

"బట్టలు తొడగడం మా పనిలోకి రాదండీ, మన్నించాలి."

డెల్లాని అడిగితే, "కట్టు ముట్టుకున్నానంటే నా ఉద్యోగం ఊడుతుంది పిన్నీ. లేకపోతే నేనే మార్చెయ్యనూ?" అనేది.

ఐడా తనే తొడుగుదామంటే తుంటి ఎముక మార్పించుకున్న మనిషాయె. వంగితే లేవడానికి మళ్ళీ ఇంకో శాఖ కావాలి. సాయంత్రం ఆరింటికి ఇంకో మనిషి వచ్చేదాకా, జనవరి చలిలో, ముప్పై ఎనిమిదేళ్ళు బ్రేకు తొక్కిన కాలు బోసిగా నీలంగా ఉండేది.

ఒకరోజు ఐడా ఆ సాక్సు చేతిసంచీలో వేసుకుని కౌన్సిల్ సమావేశానికి వెళ్ళింది. ప్రజలు ప్రశ్నలు వేసే పావుగంటలో లేచి, సాక్సుని బల్ల మీద, సరిగ్గా బిస్కెట్ల పళ్ళెం పక్కన పెట్టింది.

"ఇది ఎవరి శాఖ?" అని అడిగింది.

ఒకాయన, పాపం ఆకలి మీద ఉన్నాడేమో, బిస్కెట్ల పళ్ళెం ఇవతలికి జరుపుకున్నాడు.

ఆ సాక్సు చేసిన పని పద్దెనిమిది నెలల తరవాత బయటపడింది. ఆస్పత్రి వాళ్ళూ కౌన్సిల్ వాళ్ళూ ఇకమీదట నిధులు ఒకే చోట వేసి, నర్సుల్నీ ఇళ్ళకొచ్చి చూసుకునే వాళ్ళనీ ఒకే జట్టుగా పెట్టి, ఊరు మొత్తానికి ఒకే టెండరు పిలుస్తారట. అది నూట ఎనభై ఆరు పేజీల కాయితం. ఒక మనిషికి రెండు సాక్సులూ ఒకే పూట కాళ్ళకి ఉండడానికి నూట ఎనభై ఆరు పేజీలు! అయినా ఐడా మురిసిపోయింది, డెబ్బై రెండో పేజీ దాకా. అక్కడ రాసుంది: ఇప్పుడున్న చిన్న చిన్న ఒప్పందాలన్నీ మార్చి నెలాఖరుతో రద్దు.

అంటే డెల్లా వాళ్ళ సంఘంతో ఉన్న ఒప్పందం కూడా. ఉరుము ఉరిమి మంగలం మీద పడ్డట్టు, ఐడా సాక్సు పోయి పోయి డెల్లా మీద పడింది.

ఆ వారంలోనే కౌన్సిల్‌లో టెండర్ల పని చూసే నైజల్ పికప్ ఇంటికొచ్చాడు. నలభై నాలుగేళ్ళవాడు, నెత్తి మీద నాలుగు వెంట్రుకలు, మెళ్ళో కౌన్సిల్ బిళ్ళ.

"మార్కులు వేసే కమిటీలో సేవలు పొందేవాళ్ళ తరఫున ఒకరు ఉండాలండీ, మిస్ థ్రెల్‌ఫాల్ గారూ. రూలు."

"సేవలు పొందేది మా అన్నయ్య. ఆయన్ని తీసుకెళ్ళు."

లోపలి గదిలోంచి విల్ఫ్ నైజల్ పుట్టుక గురించి ఒక మాట అన్నాడు.

"మీరే రండి" అన్నాడు నైజల్ గబగబా. "మీకు నచ్చిన ప్రశ్న ఒకటి వెయ్యొచ్చు. నూటికి అయిదు మార్కులు దానికే."

"డెల్లా వాళ్ళు కూడా పోటీలో ఉన్నారా?"

"నేను చెప్పకూడదండీ."

"చెవులెందుకు ఎర్రబడ్డాయి మరి? ఉన్నారన్నమాట. వాళ్ళకి రాకపోతే?"

"ఇంకెవరో వస్తారు."

"ఇంకెవరో వస్తే మళ్ళీ జావ గిన్నె లేస్తుంది. నాలుగు రోజులు చూసి, ఈయన్ని ఇంట్లో ఉంచలేమమ్మా అని ముసలివాళ్ళ హోములో పడేస్తారు. హోములో బస్సు ఎవడు నడుపుతాడు నాయనా?"

నైజల్‌కి బస్సు సంగతి అర్థం కాలేదు. సంతకం ఎక్కడ పెట్టాలో మాత్రం చూపించాడు.

కమిటీలో కూచోబోయే ముందు కౌన్సిల్ లాయరమ్మ ఇంకో ఫారం తెచ్చింది. డెల్లా మీ ఇంటికి వస్తోంది గనక ఈ వ్యవహారంలో మీకు స్వప్రయోజనం ఉన్నట్టు ఒప్పుకోవాలి అంది.

"స్వప్రయోజనం లేకపోతే ఈ తుంటితో మీ మెట్లెందుకు ఎక్కుతానమ్మా? మీ బిస్కెట్లకా?"

లాయరమ్మ ఆలోచనలో పడింది. సేవలు పొందే ప్రతివాడికీ ఎవరో ఒక పోటీదారే సేవ చేస్తున్నాడు. పొందనివాడికి సేవలంటే ఏమిటో తెలియదు. స్వప్రయోజనం లేనివాళ్ళని వెతుకుతూ పోతే శ్మశానంలో తప్ప దొరకరు. చివరికి ఆవిడ ఫారం మీద ముద్ర కొట్టి, ఐడాని లోపలికి పంపింది.

తరవాత ప్రశ్న. ఐడా ఒక చీటీ మీద రాసిచ్చింది: "ప్యాంటు వేసుకోనని మంకుపట్టు పట్టిన ముసలాయనకి ప్యాంటు ఎలా వేస్తారు?"

రెండు రోజులకి ఆఫీసు నుంచి అది ఇలా తిరిగొచ్చింది: "వస్త్రధారణకు విముఖత వ్యక్తపరిచే లబ్ధిదారుల విషయంలో, వారి స్వయంనిర్ణయాధికారానికి భంగం కలగకుండా, వ్యక్తి కేంద్రితమైన మీ విధానమును సోదాహరణముగా వివరింపుడు."

ఐడా నైజల్‌కి ఫోను చేసింది.

"ఇదేమిట్రా?"

"మీ ప్రశ్నేనండీ. కొంచెం... సర్దాం."

"నా ప్రశ్నలో ప్యాంటుంది. ఇందులో ప్యాంటేదీ?"

"వస్త్రధారణలో వచ్చేస్తుందండీ అది."

"ఒరే నైజల్. నీకు ఏడేళ్ళప్పుడు బీట్‌రూట్ తినకుండా నిక్కరు జేబులో కుక్కుకుంటే, ఆ మరక మీ అమ్మ దగ్గర దాచి నిక్కరు ఉతికింది ఎవరు?"

ప్యాంటు వెనక్కి వచ్చింది.

ఇంటర్వ్యూలు ఫిబ్రవరిలో, కౌన్సిల్ మేడ మీద గదిలో. కమిటీలో నైజల్, లాయరమ్మ, ఆస్పత్రి తరఫున ఒక పెద్ద నర్సు, ఐడా. పోటీదార్లు ముగ్గురు. పక్షపాతం రాకుండా వాళ్ళకి పేర్లు తీసేసి నంబర్లు ఇచ్చారు. మనుషులు మాత్రం మొహాలతోనే వచ్చారు.

ఒకటో నంబరు, సూట్లేసుకున్న ఇద్దరు మగవాళ్ళు. గోడ మీద బొమ్మలు వేసి చూపించారు. బొమ్మల్లో ముసలివాళ్ళందరూ పళ్ళన్నీ బయటపెట్టి నవ్వుతున్నారు. ప్యాంటు ప్రశ్నకి పెద్దవాడు గొంతు సవరించుకున్నాడు.

"మా దృష్టిలో అదొక ప్రయాణమండీ."

"మా అన్నయ్యకి ప్రయాణం బాత్రూము దాకానే" అంది ఐడా.

"మా దగ్గర ఒక యాప్ ఉంది..."

"దానికి నడుం వంగుతుందా?"

సున్నా వేసి, గీత కూడా కొట్టింది.

రెండో నంబరు తలుపు తోసుకుని వచ్చింది, డెల్లా కాదు. డెల్లా వాళ్ళ సంఘం పెద్ద హేజల్. కొత్త జాకెట్టు, చేతిలో కాయితాలు. మంచి మనిషే, పాపం. సంఘాన్ని పదహారేళ్ళు నెట్టుకొచ్చింది. కానీ ఎవరో చెప్పినట్టున్నారు, ఇలాంటి చోట పెద్ద మాటలు వాడాలని. తలెత్తకుండా చదవడం మొదలుపెట్టింది. గౌరవం, మర్యాద, విలువలు, మళ్ళీ గౌరవం. అయిదు నిమిషాలు అయిపోయింది. ప్యాంటు దరిదాపుల్లోకే రాలేదు.

ఐడా ఉండబట్టలేకపోయింది. "హేజల్, తల్లీ, కాయితం కింద పెట్టు. మీ వాళ్ళు ఎలా వేస్తారో చెప్పు. ఒక్కటి, ఒక్క ఇంట్లో సంగతి చెప్పు."

హేజల్ కాయితం తిరగేసి చూసింది. అక్కడా లేదు.

"మా సిబ్బంది అందరూ... శిక్షణ పొందినవారండీ" అంది.

మార్కెట్ కూడలి అను! కాలవ వంతెన అను! అని ఐడా లోపల్లోపల అరిచింది. హేజల్‌కి ఆ సంగతి తెలిస్తే కదా. రోజూ పదకొండుమంది ఏ ఇంట్లో ఏం మాయ చేస్తున్నారో హేజల్ ఎన్నడూ అడగలేదు. పనిగంటల లెక్క మాత్రం తప్పు లేకుండా వేసేది.

మూడో నంబరు ఒక్కతే వచ్చింది. పొట్టి మనిషి, వెడల్పాటి చెప్పులు, పేరు మిసెస్ ఒలాజిదే. పక్క ఊళ్ళో ఇరవై ఏళ్ళు రోగుల మంచాలు సర్ది, ఇప్పుడు ఒక పెద్ద కంపెనీలో మేనేజరయింది. ప్రశ్న వినగానే ఫక్కున నవ్వింది.

"వెయ్యనండీ" అంది.

"ఏమిటీ?" అన్నాడు నైజల్.

"మొదటి రోజు వెయ్యను. పరాయి మనిషి పొద్దున్నే వచ్చి మీ ప్యాంటు పట్టుకుంటే మీరు ఊరుకుంటారా సార్?"

నైజల్ బల్ల కిందికి కుర్చీ జరుపుకున్నాడు.

"టీ పెడతాను. కూచుంటాను. ఏం ఉద్యోగం చేశారండీ అని అడుగుతాను. ఆయన తిడితే తిట్టించుకుంటాను. మోకాళ్ళ మీద దుప్పటి కప్పి వచ్చేస్తాను. ప్యాంటుదేముందమ్మా, రేపు వేసుకుంటారు. రేపు నన్ను లోపలికి రానివ్వాలి కదా? అది ముఖ్యం."

పెద్ద నర్సు అప్పుడే మొదటిసారి పెన్ను కింద పెట్టి ఆ మనిషి వంక చూసింది.

మార్కులు కలిపితే మిగతా ప్రశ్నలన్నిట్లో రెండో నంబరూ మూడో నంబరూ నువ్వా నేనా అన్నట్టున్నాయి. హేజల్ వాళ్ళు రెండు మార్కులు ముందున్నారు కూడా. ఇక మిగిలింది ఐడా ప్రశ్నే, దానికి మార్కులు ఆవిడే వెయ్యాలి. ముగ్గురూ పెన్నులు మూసి ఆవిడ వంక చూశారు.

ఐడా చేతిలో పెన్సిలు. మూడో నంబరుకి అయిదు అప్పుడే వేసేసింది, చెయ్యి దానంతటదే వేసింది. రెండో నంబరు గడి ఖాళీగా ఉంది. అయిదు వేస్తే డెల్లా ఉంటుంది. విల్ఫ్ ఇంట్లో ఉంటాడు. ఎవడడుగుతాడు? స్వప్రయోజనం ఉందని ఫారం మీద ముందే ఒప్పుకుంది కదా, ముద్ర కూడా పడింది.

కానీ ఆ కుర్చీలో కూచుంది డెల్లా కాదు, హేజల్. డెల్లా కూచుని ఉంటే అయిదుకి ఏడు వేసేది. ఇలా మనిషి వచ్చి చూసుకోవాల్సిన ఇళ్ళు ఊళ్ళో నాలుగొందల పన్నెండు. ఒక్కో ఇంట్లో ఒక్కో విల్ఫ్. అందరికీ డెల్లాలు లేరు. చాలామందికి మెట్టు మీద కూచుని ఏడిచి వెళ్ళిపోయే పిల్లలే దొరుకుతారు. ఆ పిల్లలకి దుప్పటి కప్పి రా అని చెప్పేవాళ్ళు కావాలి.

"ఛీ, దిక్కుమాలిన పెన్సిలు" అని, రెండు వేసింది.

మూడో నంబరు ఒక్క మార్కు తేడాతో గెలిచింది.

నడవలో కుర్చీలో కూలబడి ఐడా ముక్కు చీదుకుంటుంటే నైజల్ టీ తెచ్చాడు.

"ఏమైందండీ?"

"మా అన్నయ్యని హోముకి పంపించేశాను. నా చేత్తో నేనే."

"ఎందుకూ? డెల్లా వస్తుందిగా."

"ఎలా వస్తుందిరా? ఓడిపోయారుగా!"

"సంఘం ఓడిపోయింది. కాంట్రాక్టు చేతులు మారితే పనివాళ్ళు కూడా దాంతోపాటే కొత్త కంపెనీకి మారతారండీ. జీతం తగ్గించకూడదు. చట్టం. మీకు తెలుసనుకున్నాను, అందరికీ తెలుసే!"

ఐడా చేతిసంచీ నైజల్ భుజం మీద పడింది.

"ముందు చెప్పి చావొచ్చుగా!"

"చెబితే మీ మార్కుల్ని ప్రభావితం చేసినట్టవుతుందండీ" అన్నాడు భుజం తడుముకుంటూ. "అయితే ఒకటి. వాళ్ళకి ఇష్టమైతేనే మారతారు. ఇష్టం లేక మానేస్తే మనం ఆపలేం."

ఆ చివరి మాట ఐడాతో పాటు ఇంటికొచ్చింది.

ఓడినవాళ్ళకి కౌన్సిల్ ఉత్తరం రాస్తుంది, ప్రశ్నవారీగా వాళ్ళ మార్కులూ గెలిచినవాళ్ళ మార్కులూ పట్టిక వేసి మరీ. ఉత్తరం అందిన మర్నాడు డెల్లా ఎప్పట్లా ఏడున్నరకి వచ్చింది. విల్ఫ్‌తో స్టాపులన్నీ పలికింది. ఐడాతో ఒక్కమాట లేదు. పెట్టిన టీ పెట్టినట్టే చల్లారింది. అలా తొమ్మిది రోజులు. ఆకెన్‌షాలో మనిషిని తిట్టొచ్చు, కొట్టొచ్చు, కానీ పెట్టిన టీ తాగకుండా వెళ్ళడమంటే అది శవం లేచిన ఇంట్లో చేసే పని. దానికి తోడు పక్కింటావిడ ఒక కబురు మోసుకొచ్చింది. సూపర్ మార్కెట్ వాళ్ళు డెల్లాని బిల్లుల కౌంటరుకి రమ్మన్నారట. కుర్చీలో కూచునే పని, వెచ్చగా ఉంటుంది, ఎవరికీ ప్యాంటు వెయ్యక్కర్లేదు.

పదో రోజు ఐడా వంటింటి తలుపుకి అడ్డంగా నిలబడింది.

"రెండు వేసింది నేనే."

"తెలుసు. హేజల్ ఆ ఉత్తరాన్ని టాయిలెట్ తలుపుకి అంటించింది. వెళ్ళినప్పుడల్లా చదువుకుంటున్నాం."

"నన్ను తిట్టు. తిట్టి పో. నోరు మూసుకుని పోకు."

"రెండు వేసినందుకు కోపం లేదు పిన్నీ. ఇంటర్వ్యూకి నన్నూ తీసుకెళ్ళమని హేజల్ కాళ్ళావేళ్ళా పడ్డాను. నువ్వొస్తే నీ ఇళ్ళకి ఎవరు పోతారు అంది. ఆ కాయితం చదివే బదులు నోరు మూసుకుని కూచున్నా మూడు వచ్చేవి." డెల్లా కోటు గుండీలు పెట్టుకుంటూ ఆగింది. "నాకు మండిందల్లా ఆ గెలిచినావిడకి అయిదు ఎందుకేశావని. ఈ ఇల్లు తెలీదు, ఈయన తెలీదు. అంత గొప్పగా ఏం చెప్పిందో అది చెప్పు ముందు."

ఐడా చెప్పింది. వెయ్యనండీ అన్నదీ, టీ పెట్టడం, తిట్టించుకోవడం, దుప్పటి కప్పి రావడం, అన్నీ.

డెల్లా గుమ్మానికి ఆనుకుని నవ్వడం మొదలుపెట్టింది. ఎంతసేపటికీ ఆగదే!

"ఏమిటే? ఏమైంది?"

"మొదటి రోజు నేను చేసిందీ అదే పిన్నీ. నీకు చెప్పలేదు. నువ్వు పైన పడుకుని ఉన్నావు. ఒక గంట తిట్లు తిన్నాను. ఏం ఉద్యోగం చేశారండీ అంటే గోడ మీద బస్సు ఫొటో చూపించాడు. దుప్పటి కప్పి వెళ్ళిపోయాను. ఆ రోజంతా ఆయన ప్యాంటు లేకుండానే ఉన్నాడు. నువ్వు కనిపెట్టనే లేదు!"

"కనిపెట్టాను! ఆ దుప్పటి ఎంతకీ తియ్యడేమిటా అనుకున్నాను!"

ఇద్దరూ నవ్వారు. లోపల్నుంచి విల్ఫ్ ఇద్దర్నీ కలిపి ఒక బూతు తిట్టాడు. అతనికి ఆడవాళ్ళ నవ్వు వినబడితే తన గురించేనని అనుమానం. ఈసారి నిజమే.

డెల్లా గోడ గడియారం చూసి, చల్లారిన టీని గటగటా తాగేసి, కప్పు తనే కడిగి బోర్లించింది.

"కొత్త కంపెనీ కోటు రంగు చూశావా? వంకాయ రంగు. ఈ ఒంటికి వంకాయ రంగేమిటి చెప్పు, మూటలా ఉంటాను."

"సూపర్ మార్కెట్ వాళ్ళది ఏం రంగు?" అంది ఐడా.

"ఆకుపచ్చ. నాకు బాగా నప్పుతుంది." డెల్లా కారు తాళాలు వెతుక్కుంది. "ఏం చేస్తాం. ఆ వంకాయ కోటుకి కొలతలు శుక్రవారం తీసుకుంటారట. ఆ రోజు పది నిమిషాలు ఆలస్యంగా వస్తానని ఆయనకి చెప్పు. లేకపోతే నా మీద అరుస్తాడు."